తప్పుకున్న అంపైరు

"మళ్లీ కొలవండి" అంది ఆమె.

అతను మోకాళ్ల మీద నుంచి లేవకుండానే తలెత్తాడు. "రెండుసార్లు కొలిచానండి."

"మూడోసారి కొలిస్తే టేపు అరిగిపోతుందా?"

"టేపు అరగదు. నా మోకాళ్లే అరుగుతాయి."

వాళ్ల పరిచయం అలా మొదలైంది, ఒక లాన్ బౌల్స్ మైదానంలో. పచ్చిక చివర జాక్ అనే చిన్న తెల్ల బంతి ఉంటుంది. పెద్ద బంతిని దొర్లించి ఎవరు దానికి దగ్గరగా చేరిస్తే వాళ్లకి పాయింటు. ఎవరిది దగ్గరో కంటికి తేలకపోతే అంపైరు కొలిచి చెప్తాడు. ఆ రోజు ఆమె వెంట్రుకవాసిలో ఓడిపోయింది. అతనికి టేపుగారని పేరు పెట్టి, ఇంటికెళ్లి వదిన దగ్గర కారాలు మిరియాలు నూరింది.

ఆమెని ఆటలోకి దింపింది ఆ వదినే. నడుం పట్టేసిందని ఒక్క మ్యాచ్ తన బదులు ఆడి రమ్మంటే, ఆడపడుచు అక్కడితో ఆగలేదు. వరసగా మూడేళ్లు చాంపియన్ అయి కూర్చుంది. ప్రతి టోర్నీలోనూ టేపుగారు ఉండేవాడు, ప్రతిసారీ ఏదో ఒక వాదన ఉండేది. ఈమధ్య వాదన అయ్యాక ఇద్దరూ టీ కూడా తాగుతున్నారు. కప్పులు ఖాళీ అయినా లేవడం లేదని వదిన ఎప్పుడో కనిపెట్టింది.

నిన్న సెమీఫైనల్లో ఆఖరి బంతికి అతను ఒకటికి మూడుసార్లు కొలిచాడు. గెలిచిన ఊపులో ఆమె నోరు జారింది. "కళ్లు కనపడటం లేదేమో, డాక్టరుకి చూపించుకోండి" అంది అందరి ముందూ. అతను నవ్వలేదు. "చూపించుకుంటానండి" అని వెళ్లిపోయాడు.

ఇవాళ ఫైనల్‌కి వేరే అంపైరు వచ్చాడు.

"ఆయనే తప్పుకున్నాడమ్మా. ఇకమీద నీ మ్యాచ్‌లేవీ చెయ్యనన్నాడు" అన్నారు క్లబ్బు సెక్రటరీ.

కప్పు పోతే వచ్చే ఏడాది తెచ్చుకోవచ్చు, ఈ మనిషి పోతే ఎక్కడ తెచ్చుకోవాలి? తనకి అతనంటే ఇంత ఇష్టమని ఆమెకి అప్పుడే తెలిసింది.

ఇక ఆటేం సాగుతుంది? ఈ బంతికి ఒకవైపు మొగ్గు ఉంటుంది, అటే వంగుతుంది. పక్కనున్న గుర్తు చూసుకుని పట్టుకోవడం మొదటిరోజు పాఠం. చాంపియన్‌గారు దాన్ని తిరగేసి పట్టుకుని వదిలింది. బంతి జాక్‌ని ఆమడ దూరంలో వదిలేసి పక్క ఆటలోకి దూరింది. వదిన తల పట్టుకుంది.

అంతలో వాన అందుకుంది. అందరూ వరండాలోకి పరుగెత్తారు.

"ఏమైందే నీకు?" వదిన తువ్వాలు అందించింది.

"నా మొహం చూడ్డం కూడా ఇష్టం లేదు వదినా అతనికి."

"ఇష్టం లేనివాడు పొద్దున్నుంచీ ఆ మూల కూర్చుని చూస్తాడా? పో, వెళ్లి అడుగు."

అతను తెల్ల యూనిఫాం లేకుండా, నీలం చొక్కాలో ఉన్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"నిన్నటి మాటకి కోపమా?"

"లేదండి. డాక్టరుకి చూపించుకున్నాను కూడా. కళ్లు బాగానే ఉన్నాయిట."

"మరెందుకు తప్పుకున్నారు?"

"నిన్న టేపు లాగకముందే, మీదే దగ్గర కావాలి దేవుడా అనుకున్నాను. నిజంగానే మీదే దగ్గర. అయినా నామీద నాకు నమ్మకం లేక మూడుసార్లు కొలిచాను. అలాంటివాడు అంపైరుగా ఉండకూడదండి. సెక్రటరీగారికి అదే చెప్పాను."

"ఆయనకి చెప్పారు, నాకు చెప్పలేదేం?"

"రూలు ప్రకారం ముందు ఆయనకే చెప్పాలండి."

ఆమెకి నవ్వాగలేదు. పొద్దున్నుంచీ గుండెలమీదున్న బరువంతా దిగిపోయి, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

"నాక్కూడా మీరంటే ఇష్టమే" అంది. "ఎవరికి చెప్పాలో రూలు తెలీక ఊరుకున్నాను."

వెనకనుంచి వదిన దగ్గింది. "వాన తగ్గింది, నువ్వు వెళ్లు. మీరు ఆదివారం ఇంటికి రండి బాబూ, మా ఆయనతో మాట్లాడుదురుగాని. కాదనడు, నేనున్నాగా."

ఆమె తడి పచ్చిక మీదికి వచ్చింది. బంతి పక్కనున్న గుర్తు ఒకటికి రెండుసార్లు చూసుకుని, వంగి వదిలింది. బంతి వెడల్పుగా తిరిగి, నెమ్మదిగా జాక్ వైపు మళ్లింది.

అది ఇంకా ఆగనే లేదు, వరండాలో ఒక్కడే లేచి గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు.