అద్దం దించని కారు

కేసు చేతికి వచ్చేనాటికి ప్రైవేటు డిటెక్టివ్ శ్రీరంగనాయకులు దగ్గరున్న సరుకు తక్కువే. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన ఒక ఆడకూతురు, ఆమె చెప్పిన నాలుగు మాటలు.

ఏలూరులో ఆయన ఆఫీసుకొచ్చిన ఆమె పేరు మెర్సీ. కొల్లేరు అంచున చేపల చెరువుకి కాపలా కాసే ఆమె తండ్రి కృపానందం, తెల్లవారుజామున తలకు దెబ్బతో నీళ్లలో శవమై తేలాడు. తోసింది అల్లుడు ఏసుకుమారేనని చెరువు మేనేజరు గంగాధరరావు సాక్ష్యం చెప్పాడు. ఏసుకుమార్ లాకప్పులో ఉన్నాడు.

"ముందురోజు మామా అల్లుళ్లు పోట్లాడుకున్నారటగా అమ్మా?"

"అవునండీ. ఈ వయసులో మంచులో కాపలా ఏంటి, మానెయ్ మావయ్యా అని మా ఆయన అరిచారండీ. ఊళ్లోవాళ్లకి అరుపొక్కటే వినపడింది."

అసిస్టెంటు సాహితిని తీసుకుని నాయకులు చెరువు దగ్గరికి వెళ్లాడు. ఆ వారం చేపలే పట్టలేదని గంగాధరరావు చెప్పాడు. గట్టు మీద మాత్రం ఐసు తెచ్చిన గోనెలు తడితడిగా పడి ఉన్నాయి.

"మంచులో మనిషి ఎలా కనపడ్డాడండీ?"

"నా కారులో థర్మల్ కెమెరా ఉందండీ. ఇది వెలుగుని కాదు, ఒంటి వేడిని చూస్తుంది. అవతలి గట్టు మీద కుంటుకుంటూ పోయాడు. ఊరు మొత్తంలో ఆ నడక ఏసుకుమార్‌దే."

"కారు దిగి చూశారా?"

"దిగడమా! ఈ దోమలకి అద్దం కూడా దించలేదండీ. లోపల్నించే చూశాను. రికార్డింగ్ నొక్కడం మర్చిపోయాను."

నాయకులు నమస్కారం పెట్టి బయల్దేరాడు.

"అంతేనా సార్?" అంది సాహితి, తిరుగుదారిలో.

"అమ్మేవాడు తనంతట తానే తూకం వేస్తుంటే మనం మాట్లాడకూడదమ్మా."

మర్నాడు పొద్దున్నే, నాయకులు కోరినట్టు, ఎస్సై ఏసుకుమార్‌ని చెరువు దగ్గరికి తీసుకొచ్చాడు. మెర్సీ గట్టు మీద నిలబడింది. సాహితి అవతలి గట్టుకి వెళ్లింది. గంగాధరరావుని అదే కారులో కూర్చోబెట్టి, అద్దాలు ఎత్తించి, పక్కన ఎస్సై, వెనక నాయకులు కూర్చున్నారు.

"మా సాహితి కనపడుతోందేమో చూడండి."

కెమెరా తెర మీద సాహితి లేదు, గట్టూ లేదు. మసకగా, తెల్లగా ఒక మనిషి, చేతిలో ఏదో పట్టుకుని ఎదురుగా ఉన్నాడు.

"ఎవరయ్యా అది?" అన్నాడు ఎస్సై.

"ఈ గంగాధరరావు గారి ప్రతిబింబమేనండీ," అన్నాడు నాయకులు. "గాజు వెలుగుని పోనిస్తుంది గాని ఒంటి వేడిని పోనివ్వదు, వెనక్కి తిప్పికొడుతుంది. ఈ కెమెరాకి అద్దమంటే గోడే. గోడలోంచి కుంటి నడక చూశానన్నాడు."

అద్దం దించగానే తెర మీద సాహితి తెల్లగా మెరిసింది.

"ఇక ఐసు సంగతి. చేపలు పట్టని వారంలో ఐసెందుకు గంగాధరరావు గారూ? యజమానికి తెలియకుండా మీరు చేపల లోడు ఎత్తుతుంటే కృపానందం అడ్డొచ్చాడు. అవునా?"

గంగాధరరావు కెమెరా కింద పెట్టాడు. "పక్కకి తప్పుకోమని తోశానండీ. నీళ్లు చిలికే ఏరేటరు మిషనుకి తల తగులుతుందనుకోలేదు."

ఎస్సై కారు దిగి అల్లుడి బేడీలు విప్పించాడు. ఏసుకుమార్ గంగాధరరావు వైపు చూడలేదు. భార్య దగ్గరికి కుంటుతూ వచ్చాడు.

"మావయ్యని ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు.

లెక్క చూసుకుంటే ఈ కేసులో మెర్సీకి దక్కింది భర్త. భర్తకి దక్కింది, అప్పటికే మట్టి ఆరిపోయిన ఒక సమాధి పక్కన కూర్చునే వీలు.