సొంత లాభం ఉన్నవారు బయటికి

మంగళవారం ఉదయం ఏడింటికే క్లెమెంట్ పెన్‌ఫోల్డ్ టోస్టు ముక్కకి మార్మలేడ్ పట్టిస్తూ, సాయంత్రం చెయ్యబోయే ప్రసంగాన్ని ఇంట్లోవాళ్ళ మీద ప్రయోగిస్తున్నాడు. మా నెదర్ కోంబ్లీ ఊరికి పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిల్లో ఆయన పద్దెనిమిదేళ్ళుగా కౌన్సిలరు. జీతం లేదు, భత్యం లేదు. కాలవ పొంగినా, బస్సు రాకపోయినా, ఎవరి కుక్క ఎవరి గుమ్మంలో పడుకున్నా జనం ఆయన తలుపే తడతారు. ఆయనకీ అదే కావాలి.

“గ్లీబ్ పొలంలో ఆరిళ్ళు కడతారట! ఊరివాళ్ళకే తక్కువ అద్దెకి ఇస్తారట! అసలు ఈ ఊళ్ళో ఇల్లు లేక ఏడుస్తున్నవాడెవడు? ఒక్కణ్ణి చూపించమను!”

భార్య బెరిల్ టీ పోస్తూ కూతురి వైపు చూసింది. ముప్ఫై ఒకటేళ్ళ టామ్సిన్ తల వంచుకుని గుడ్డు పెంకు ఒలుస్తోంది.

“ఇల్లు ఎవరికి కావాలో అడిగిన సర్వే కాగితాలు ఇవాళ తెరుస్తారుగా. తెలిసిపోతుంది,” అంది బెరిల్.

“ఆ ఫారాలు పంచింది నేనే. రెండు వందల పది గుమ్మాలు ఎక్కి దిగాను. ఏ మొహంలోనూ నాకా దిగులు కనబళ్ళేదు.”

“నీకు చత్వారం వచ్చింది నాన్నా. దగ్గరివి కనబడవు,” అంది టామ్సిన్.

“అంటే?”

“ఏం లేదు. పక్కవీధి పెద్దావిడకి మాత్రలేసే టైమైంది,” అని కోటు అందుకుని లేచింది.

బెరిల్ గేటు దాకా వెంట వచ్చింది. “ఇవాళైనా చెప్పేయవే. స్విండన్ పట్నంలో ఆ అద్దె ఫ్లాటుకి శుక్రవారంలోగా జవాబు చెప్పాలన్నావు.”

“మూడేళ్ళుగా నోరు తెరుస్తూనే ఉన్నానమ్మా. తెరిచినప్పుడల్లా ఆ పొలం కథ మొదటినుంచీ చెబుతాడు. అయినా నేనడిగితే నా కోసం ఒప్పేసుకుంటాడు. కౌన్సిలరు కూతురికి ఇల్లిప్పించుకున్నాడని ఊరంతా అంటే ఆయన బతకగలడా?”

ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. టామ్సిన్ మా ఊళ్ళో పద్నాలుగు మంది ముసలివాళ్ళకి పొద్దున్నే స్నానం చేయించి, బట్టలు తొడిగి, టీ పెట్టి ఇచ్చే మనిషి. పాల ట్యాంకరు నడిపే గారెత్‌తో నిశ్చితార్థమై మూడేళ్ళయింది. ఊళ్ళో ఏ చిన్న ఇల్లు ఖాళీ అయినా శని, ఆదివారాలు గడపడానికి వచ్చే లండన్ వాళ్ళు గద్దల్లా తన్నుకుపోతున్నారు. ఆమె స్విండన్ వెళ్ళిపోతే ఆ పద్నాలుగు తలుపులు పొద్దున్నే ఎవరు తీస్తారో నాకైతే తెలియదు.

క్లెమెంట్ది మాత్రం చెడ్డ బుద్ధి అనుకోకండి. పన్నెండేళ్ళ కిందట ఎవడో పెద్ద బిల్డరు ఆ పొలంలో నలభై మేడలు లేపుతానని వచ్చాడు. అప్పుడు ఈయన ప్లకార్డులు రాసి, సంతకాలు సేకరించి, వాణ్ణి తరిమికొట్టాడు. మేమంతా పబ్బులో వరసగా మూడు రోజులు ఆయనకి బీరు పోయించాం. ఆ రోజు నుంచీ ఆ పొలం ఆయనకి పరువైపోయింది. దాని యజమాని పారిష్ కౌన్సిలే కాబట్టి ఇప్పుడు ఆరిళ్ళకి ఇవ్వాలన్నా, మానాలన్నా ఏడుగురు కౌన్సిలర్లు చేతులెత్తితే చాలు. అందులో నలుగురు ఎప్పుడూ క్లెమెంట్ చేతిని చూసి ఎత్తేవాళ్ళే.

సాయంత్రం ఏడింటికి ఊరి హాలు నిండిపోయింది. ఎన్నడూ కౌన్సిలు మొహం చూడనివాళ్ళు కూడా వచ్చారు, బిస్కట్లు అయిపోయాయి. బెరిల్ వెనక వరసలో కూర్చుంది. అధ్యక్షురాలు డోరీన్ ఆరో అంశం చదివి, ఇళ్ళు కావాలన్నవాళ్ళ ఫారాలు పంతొమ్మిది వచ్చాయని చెప్పింది.

“పంతొమ్మిదా!” క్లెమెంట్ లేచాడు. “కావాలని టిక్కు కొట్టడానికేం, నాకూ విమానం కావాలి. అవసరం ఏపాటిదో చూద్దాం. ఏదో ఒకటి తీసి చదువుతాను. పేర్లుండవు కాబట్టి ఎవరికీ నష్టం లేదు.”

క్లర్కు కట్ట ముందుకు తోసింది. ఆయన మధ్యలోంచి ఒకటి లాగి, కళ్ళజోడు సర్దుకుని, నాటకంలో పాత్రధారిలా గొంతు పెంచాడు.

“‘వయసు ముప్ఫై ఒకటి. అమ్మానాన్నల ఇంట్లో వెనక గదిలో ఉంటున్నాను.’ హాయిగా ఉంది కదండీ! ‘మంచం నాకు పదేళ్ళప్పుడు కొన్నది. కాళ్ళు బయటికి వస్తాయి.’ కొత్త మంచం కొనుక్కోమనండి, ఇల్లెందుకు?”

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకావిడ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. మాకు అప్పటికే అర్థమైపోయింది. ఆయనొక్కడికే కాలేదు.

“‘కిటికీ గట్టు మీద గుడ్ల అట్టల్లో విత్తనపు బంగాళాదుంపలు మొలకెత్తుతుంటాయి. వాటిని కదపకూడదు.’ భేష్, ఆ ఇంటాయనెవరో పద్ధతి తెలిసిన మనిషి! ‘బీరువా వెనక, పొలం జోలికి రావద్దు అని రాసిన ప్లకార్డులు నలభై...’”

ఆయన కాగితాన్ని కాస్త దూరం పెట్టి మళ్ళీ చూశాడు.

“బంగాళాదుంపలు ఏ రకం క్లెమ్?” అని వెనకనుంచి ఎవరో అడిగారు. హాలంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. మిగతాది పెదవులతోనే చదువుకున్నాడు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఈసారి మామూలు గొంతుతో పైకి చదివాడు.

“‘ఈ ఊరు వదిలి వెళ్ళాలని నాకు లేదు. మా నాన్న మంచివాడు. అందుకే ఆయన్ని అడగలేకపోతున్నాను.’”

డోరీన్ గొంతు సవరించుకుంది. పోయిన ఏడాది ఆమె తమ్ముడి షెడ్డు సంగతి చర్చకి వచ్చినప్పుడు, సొంతవాళ్ళ విషయంలో కౌన్సిలరు గదిలో ఉండకూడదని నిబంధన సంఖ్యతో సహా చెప్పి, కోటు వేసుకునే టైమైనా ఇవ్వకుండా ఆమెని బయటికి పంపింది క్లెమెంటే.

“కౌన్సిలరు గారూ, తలుపు అటు వైపు,” అంది డోరీన్.

“తెలుసు. పోయేముందు ఊరివాడిగా మూడు నిమిషాలు మాట్లాడే హక్కుంది,” అంటూ ఆయన బల్ల వదిలి వచ్చి, జనం వైపు నిలబడ్డాడు. “నా పేరు క్లెమెంట్ పెన్‌ఫోల్డ్, మిల్ లేన్. ఒక్కణ్ణి చూపించమని పొద్దున్న మా ఇంట్లోనే అరిచాను. ఆ ఒక్కరూ అప్పుడు నా ఎదురుగానే కూర్చుని గుడ్డు తింటున్నారు. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. మూడు నిమిషాలు అక్కర్లేదు.”

ఆయన తలుపు తీసేసరికి, బయట కోట్లు తగిలించే నడవాలో, పని ముగించుకుని వచ్చిన టామ్సిన్ తలుపుకి చెవి ఆనించి నిలబడి ఉంది. దొరికిపోయిన దొంగలా బిక్కమొహం వేసింది.

“ఎంతసేపైంది వచ్చి?”

“విమానం కావాలన్నప్పటినుంచీ.”

క్లెమెంట్ బెంచీ మీద కూలబడ్డాడు. “నాతో ఒక్క మాట అనలేకపోయావా? నేనంత రాక్షసుణ్ణా?”

“ఎన్నిసార్లు నాన్నా! ‘పెళ్ళయ్యాక గారెత్, నేనూ ఎక్కడుండాలి’ అని పోయిన క్రిస్మస్‌కి అడిగాను. ‘ఊపిరి పీల్చుకోవడానికి ఊళ్ళో ఒక్క పొలమైనా ఉండాలి’ అన్నావు. నాకు మాత్రం ఊపిరి అక్కర్లేదా?” అంటుంటే ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. “ఊరందరి తలుపులూ నువ్వే తడతావు. నా గది తలుపు ఒక్కసారి తట్టావా?”

ఊరంతటి కష్టాలు విన్న మనిషికి కన్నకూతురి కష్టం ఒక కాగితం చెప్పాల్సొచ్చింది. ఆ సంగతి తెలిసి ఆయన మొహం చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయింది. కళ్ళనీళ్ళు గడ్డం మీదికి జారాయి, తుడుచుకోలేదు. టామ్సిన్ పక్కన కూర్చుని ఆయన భుజానికి తల ఆనించింది.

“ఇళ్ళు ఆరే. అడిగినవాళ్ళు పంతొమ్మిది మంది. నీ కోసం నేనొక్క మాట చెప్పకూడదమ్మా,” అన్నాడు క్లెమెంట్.

“చెప్పావంటే ఊరుకోను. వరసలో నిలబడతాం. ఎవరికి వచ్చినా మనూరి వాళ్ళకేగా. నిలబడడానికి వరసంటూ ఉంటే చాలు, స్విండన్ వెళ్ళను.”

“రెండేళ్ళు పడుతుంది కట్టడానికి.”

“మూడేళ్ళు ఆగినదాన్ని. కానీ పెళ్ళి ఈ వేసవిలోనే. గారెత్ మనింటికి వచ్చేస్తాడు.”

“ఇల్లరికమా!” అన్నాడు క్లెమెంట్. కన్నీళ్ళలోనే నవ్వొచ్చింది. “వాడు గురక పెడతాడా?”

“నీ అంత కాదు.”

లోపల చప్పట్లు మోగాయి. తలుపు తీసుకుని బెరిల్ పరుగెత్తుకొచ్చింది. “ఆరుగురూ ఎత్తారు! ఒక్క చెయ్యి తక్కువ కాలేదు!” అని ఇద్దరినీ ఒకేసారి వాటేసుకుంది. టామ్సిన్ ఫోన్లో గారెత్‌కి “స్విండన్ వద్దు” అని చెబితే, అతను పెట్టిన కేక నడవాలో అందరికీ వినబడింది. తండ్రి చెయ్యి పట్టుకుని ఆమె హాల్లోకి నడిచింది. మేమంతా లేచి నిలబడ్డాం.

తర్వాతి నెల సమావేశంలో డోరీన్ కలం పట్టుకుని, “పోయినసారి మినిట్స్ అన్నీ సరిగ్గా ఉన్నట్టేనా? సంతకం పెట్టనా?” అంది.

క్లెమెంట్ చెయ్యెత్తాడు. అందరూ ఉసూరుమన్నారు.

“ఆరో అంశంలో సవరణ. ‘కౌన్సిలరు పెన్‌ఫోల్డ్ ఏడూ నలభై రెండుకి బయటికి వెళ్ళి, ఎనిమిదీ అయిదుకి తిరిగి వచ్చారు’ అని రాశారు. అది పూర్తి నిజం కాదు.”

“గడియారం చూసే రాశానండీ,” అంది క్లర్కు.

“టైము సరిగ్గానే ఉంది. ‘కూతురితో కలిసి’ తిరిగి వచ్చారు అని రాయాలి.”

“ఆమె కౌన్సిలరు కాదు కదండీ. అలా రాయడానికి నిబంధన లేదు. ఆ సంగతి మీకంటే ఎవరికి బాగా తెలుసు?”

“తెలుసు,” అన్నాడు క్లెమెంట్. “అయినా రాయండి.”

డోరీన్ కలం పక్కన పెట్టి, ఒప్పుకునేవారు చేతులెత్తమంది. ఏడు చేతులూ లేచాయి.