మేరీమాత పక్కన లైసెన్సు

శనివారం పొద్దున్నే ఎవులాలియా పెనం మీద పుపుసాలు, అంటే జున్ను కూరిన మొక్కజొన్న రొట్టెలు, తిరగేస్తోంది. హ్యూస్టన్‌లో సాల్వడోర్ దేశం నుంచి వచ్చినవాళ్లుండే ఆ వీధికి ఆ వాసనతోనే తెల్లారుతుంది. అల్లుడు విల్బెర్ మాత్రం దుకాణం తెరవకుండా, వంటింటి బల్ల దగ్గర తల దించుకుని కూర్చున్నాడు.

"ఒంట్లో బాగాలేదా నాయనా? ఈపాటికి జనం వచ్చేసుంటారు."

"అందుకే తెరవలేదు అత్తయ్యా."

పాపం, మిగతాది కూతురు సియోమారాయే చెప్పాల్సి వచ్చింది. "రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు దుకాణం ఆపేయమన్నారమ్మా. లైసెన్సు లేదట. ఖాతాలో ఉన్న జనం డబ్బు కూడా కదలనివ్వట్లేదు."

విల్బెర్ చేసేది చూడ్డానికి చిన్న పనే. వీధిలో వాళ్లిచ్చిన డాలర్లను బిట్‌కాయిన్‌గా మార్చి సాల్వడోర్‌లోని వాళ్ల అయినవాళ్ల ఫోన్లకు పంపుతాడు. డబ్బు పంపే పెద్ద కంపెనీల కౌంటర్ల కన్నా కమీషను తక్కువ.

"లైసెన్సు లేకపోవడమేంటి? దుకాణంలో మేరీమాత పక్కన దాన్ని పటం కట్టించి పెట్టింది నేనే కదా!"

"అది లైసెన్సు కాదు అత్తయ్యా. కేంద్రంలో ఫెడరల్ వాళ్ల దగ్గర పేరు నమోదు చేయించుకున్న కాగితం, అంతే. ఒకరి డబ్బు ఇంకొకరికి చేర్చాలంటే రాష్ట్రం లైసెన్సు వేరే ఉండాలి. రేపు మనం చేతులెత్తేసినా జనం డబ్బు పోకుండా పూచీకత్తు కట్టాలి. బిట్‌కాయిన్ అయినా అదే రూలు."

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మీరు పటం కట్టించిన వారంలోనే."

ఎవులాలియా గరిటె విసిరి కొట్టింది. "తెలిసి నోరు మూసుకున్నావా? చర్చిలో అందరి ముందూ చెప్పానే, మా అల్లుడికి గవర్నమెంటు లైసెన్సుంది, కళ్లు మూసుకుని ఇవ్వండని! నా నోటితో వాళ్ల గొంతు కోయించావు కదరా!"

"పూచీకత్తుకి డబ్బు కూడగానే కట్టేద్దామనుకున్నా. మీరంత మురిసిపోతుంటే చెప్పలేకపోయా."

"నా మురిపెం మీదకి తోసేస్తున్నావా? సిగ్గు లేదూ!"

అంతలో తలుపు చప్పుడైంది. వచ్చినావిడ పేరు ట్రాన్సితో. సియోమారాకు జ్ఞానస్నానం చేయించినప్పుడు ఒళ్లో పెట్టుకున్న ధర్మతల్లి. సాల్వడోర్‌లోని సాన్ మిగెల్‌లో చెల్లెలి ఆపరేషన్‌కని మొన్ననే విల్బెర్ చేతికి డబ్బిచ్చింది.

"నేను లేనని చెప్పవే," అంటూ ఎవులాలియా ఫ్రిజ్ వెనక నక్కింది. చర్చిలో ముందు వరస తప్ప కూర్చోని మనిషి! సగం పైగా బయటే కనిపిస్తోంది.

"మీ అమ్మ ఏదే? డబ్బు చేరలేదంటోంది చెల్లెలు. దుకాణం చూస్తే మూసుంది. మీ అమ్మకేమైనా అయిందేమోనని గుండె గుభేలుమంది," అంటోంది ధర్మతల్లి.

ఆ మాట వినేసరికి ఎవులాలియాకు సిగ్గుతో ప్రాణం చచ్చినంత పనైంది. బయటికొచ్చి, కళ్లెత్తలేక నేల చూస్తూనే జరిగిందంతా చెప్పింది.

"ఆ పటం చూసి మోసపోయాం వదినా, నువ్వూ నేనూ."

"పటమేంటి వదినా? ఇంగ్లీషు నాకొచ్చా పాడా? నేను నీ మొహం చూసి ఇచ్చాను."

పుపుసాలు మాడుతున్నా ఎవరూ పొయ్యి ఆపలేదు.

విల్బెర్ లేచి బండి తాళాలు తీసి ఆవిడ ముందు పెట్టాడు. "ఇవాళే అమ్మేస్తానమ్మా. మీ చెల్లెలి ఆపరేషన్ ఆగదు. పెద్ద కౌంటర్‌లోనే పంపిద్దాం. మిగతా వాళ్ల దగ్గరికి నేనే వెళ్లి కాళ్లు పట్టుకుంటా."

"నాకు కోపం లేదనుకోకు. కడుపు మండిపోతోంది," అందావిడ. "పద, ముందు బండి అమ్ము."

విల్బెర్ గుమ్మం దాటబోతుంటే ఎవులాలియా చెయ్యి పట్టుకుంది.

"ఆగు నాయనా, నేనూ వస్తా. ప్రతి గడపా నేనూ ఎక్కుతా. ఆ కాగితంలో ఏం రాసుందని నేను నిన్ను ఒక్కసారైనా అడిగానా? అడిగితే నా గొప్ప ఎక్కడ పోతుందోనని అడగలేదు."

అల్లుడి భుజం మీద తల వాల్చి, ఆ పెద్దావిడ చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.