అడిగితేనే చెప్పే రోగి

పొద్దున్నే పాలు పొంగిపోయాయి. స్టవ్ పక్కనే నిలబడ్డ కూతురికి ఆ ధ్యాసే లేదు. తండ్రి మత్తు వదలని కళ్లతో వచ్చి, మంట ఆపి, గట్టు తుడిచాడు. ఏమైందని అడగలేదు. నిన్నటి పరీక్ష తప్పిందని ఆమె ముఖమే చెబుతోంది.

అది రాత పరీక్ష కాదు. ఫార్మసీ కాలేజీలో ఉత్తుత్తి మందుల షాపు పెట్టారు. రోగిగా నటించడానికి ఒక మనిషి వస్తాడు. అడిగి, తెలుసుకుని, మందు ఇవ్వాలి. అద్దం వెనక నుంచి మాస్టార్లు చూస్తారు. అందులో నెగ్గితేనే అసలు కౌంటరు దగ్గర నిలబడనిస్తారు. అందుకోసం తండ్రీకూతుళ్లు ఇంట్లో భోజనాల బల్లనే షాపు చేసుకుని సాధన చేశారు. రోగి వేషం ఆయనది.

"మళ్లీ పెడతారటగా. ఈసారి నెగ్గుతావులేమ్మా."

"ఎలా నెగ్గుతాను? ఆయన నొప్పి మాత్ర కావాలన్నాడు, ఇచ్చేశాను. రక్తం పలచబడే మందు వాడుతున్నాడట. నేను అడగలేదు."

"అదేంటమ్మా, అడగాలిగా?"

"నువ్వెప్పుడైనా అడగనిచ్చావా?" గ్లాసు ఠక్కున పెట్టింది. "నేను నోరు తెరిచేలోపే బీపీ ఉంది, కడుపులో పుండుంది అంటూ ఏకరువు పెట్టేవాడివి. అంత మంచి రోగి లోకంలో ఎక్కడుంటాడు నాన్నా? నిన్నటిది నిజమైతే రక్తస్రావమై ఆ మనిషి ప్రాణం పోయేది!"

ఆయన తల దించుకున్నాడు. తల్లి లేని పిల్ల. తడబడుతుంటే చూడలేక జవాబులన్నీ ముందే అందించేశాడు.

ఆయనే కుర్చీ లాక్కుని బల్లకు అవతల కూర్చున్నాడు.

"కానివ్వు. ఈసారి అడిగితేనే చెప్తాను."

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఏం కావాలండీ?"

"జలుబు మేడమ్. మాత్ర ఇవ్వండి."

"జ్వరం ఉందా?"

"లేదు."

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

ఆయన మాట్లాడలేదు. ఆమె తొందరపడలేదు. ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"మీకు రాసినవే కానక్కర్లేదు. ఇంట్లో ఇంకెవరివైనా?"

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "నిద్రమాత్రలు. మా ఆవిడవి. మిగిలిపోయినవి... రోజూ వేసుకుంటున్నా."

"నాన్నా, అది మనం అనుకున్న వాటిలో లేదే..." అంటూ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"అడిగితేనే చెప్తానన్నాగా," అన్నాడు ఆయన, నవ్వలేక. "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు తల్లీ."

ఆమె బల్ల మీదుగా చెయ్యి చాపి ఆయన మణికట్టు పట్టుకుంది.

"జలుబు మాత్ర ఇవ్వనండి. ఆ రెండూ కలిస్తే ప్రమాదం. నిద్రమాత్రలు కూడా ఉన్నపళంగా మానేయకండి. ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను."

ఆయన తలూపాడు.

అప్పుడామె కుర్చీ తీసుకొచ్చి, బల్లకు అవతలి వైపు, ఆయన పక్కనే వేసుకుంది.

"పడుకుంటే ఏం గుర్తొస్తుంది నాన్నా?"

ఆయన పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆమె చెయ్యి వదలకుండా, జవాబు తానే అందించకుండా, అలాగే కూర్చుని ఎదురుచూసింది.