తెలుసుగాడి గ్రాఫిక్స్ కార్డు

షాపులో ఏసీ చల్లగా ఉంది. అయినా తెలుసుగాడికి చెమటలు పడుతున్నాయి.

"ఒరేయ్, కొత్త కార్డు కొంటే బాటిల్‌నెక్ రాదు కదా?" ఫోన్లో ఏదో చదువుతూ అడిగింది అక్క.

"ఛ, రాదక్కా!" అన్నాడు వాడు ఠక్కున.

బాటిల్‌నెక్ అంటే ఏమిటో వాడికి తెలీదు. సీసా మెడకీ కంప్యూటర్‌కీ ఏం సంబంధమో ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టలేదు. పైకి మాత్రం పెద్దమనిషిలా గడ్డం నిమురుకున్నాడు. గడ్డం ఇంకా మొలవలేదు, అది వేరే సంగతి.

"మరి పవర్ సప్లై సరిపోతుందా?"

"మన వీధిలో కరెంటు పోవడం ఎప్పుడైనా చూశావా?"

"అవున్రోయ్, అదీ నిజమే!" అని అక్క సంతోషించింది.

తెలుసుగాడి అసలు పేరు వేరే ఉంది. కానీ ఆ పేరుతో పిలిస్తే వాడే వెనక్కి తిరిగి చూడడు. ఎవరేం చెప్పబోయినా "నాకు తెలుసు" అనడం వాడికి అలవాటు. ఒకసారి క్లాసులో టీచర్, "ఇవాళ మీకెవరికీ తెలియని సంగతి చెబుతాను" అంది. ఆవిడ నోరు మూయకముందే వీడు లేచి నిలబడి, "నాకు తెలుసు టీచర్!" అన్నాడు. ఆ రోజు నుంచి వాడు తెలుసుగాడైపోయాడు.

అక్క అంటే వాడి పెద్దమ్మ కూతురు. వాళ్ళది పై అంతస్తు, వీళ్ళది కింది అంతస్తు. అక్క కాలేజీలో చదువుతూ, సాయంత్రాలు చిన్నపిల్లలకి ట్యూషన్ చెప్పి డబ్బులు దాచుకుంది. ఆటలు ఆడుకోవడానికి మంచి కంప్యూటర్ ఒకటి తయారు చేసుకోవాలని ఆమె కోరిక. స్నేహితురాలి దగ్గర పాత సామాను కొంత దొరికింది. తెల్లటి చిన్న డబ్బా, అందులో బోర్డూ, ప్రాసెసరూ ఉన్నాయి. ఇక కావలసింది గ్రాఫిక్స్ కార్డు. ఆటలో చెట్లూ కొండలూ డ్రాగన్లూ తెర మీద చకచకా కదలాలంటే అదే ముఖ్యం.

"నువ్వు వీడియోలు చూస్తావుగా, నీకు అన్నీ తెలుసు. నువ్వే రా," అని అక్క వాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వీడియోలు చూసిన మాట నిజమే. వాటిలో పేలుళ్ళూ రంగుల లైట్లూ వచ్చే చోట కళ్ళప్పగించి చూస్తాడు. మాటలు వచ్చే చోట ముందుకు జరిపేస్తాడు.

"నువ్వు కార్డు చూస్తూ ఉండు. నేను కీబోర్డులు చూసొస్తా," అని అక్క షాపు అవతలి వైపుకి వెళ్ళింది.

కౌంటర్ దగ్గర గుబురు మీసాల సేల్స్‌మన్ ఉన్నాడు. ఆయన ముందు రెండు కార్డులు పెట్టాడు. ఒకటి పొట్టిది. దానికి ఒకే ఫ్యాను. ఇంకోటి బారెడు పొడుగుంది. దానికి మూడు ఫ్యాన్లు, చుట్టూ ఎర్ర లైట్లు.

తెలుసుగాడి కళ్ళు పెద్ద కార్డుకి అతుక్కుపోయాయి.

"ఇది చాలా పొడుగు బాబూ," అన్నాడు సేల్స్‌మన్. "మీ కేబినెట్ ఎలాంటిది?"

కేబినెట్టా? కంప్యూటర్ కొనడానికొస్తే ఈయన కేబినెట్ గురించి అడుగుతాడేమిటి? ఏమో, కంప్యూటర్‌ని అందులో దాచాలి కాబోలు. పెద్దమ్మ వంటింట్లో గిన్నెలు పెట్టుకునే కేబినెట్ వాడి కళ్ళముందు మెదిలింది.

"పెద్దదే అంకుల్. అద్దం తలుపులుంటాయి."

"ఓ, అద్దం తలుపా! అయితే మంచి రకమే. లోపల చోటుంటుందా?"

"చోటా? పెద్ద డిన్నర్ సెట్టు మొత్తం పట్టేస్తుంది!"

సేల్స్‌మన్ మీసాలు ఊగిపోయేలా నవ్వాడు. "భలేవాడివే! అంత చోటుంటే ఇంకేం, ఏ కార్డైనా పడుతుంది."

అక్క రంగురంగుల కీబోర్డు ఒకటి గుండెకి హత్తుకుని వచ్చింది. తెలుసుగాడు పొడుగు కార్డు చూపించాడు. అక్క మారు మాట్లాడకుండా రెండూ కొనేసింది.

ఇంట్లో పెద్ద సందడి. తెల్ల డబ్బాని భోజనాల బల్ల మీద పెట్టారు. పెద్దమ్మ కూరగాయలు తరగడం ఆపేసి వచ్చింది. పెదనాన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. ఆయన బస్సు కండక్టరు.

అక్క పెట్టె చింపి, కార్డుని జాగ్రత్తగా బయటికి తీసి, డబ్బాలో పెట్టబోయింది. ముందు భాగం లోపలికి వెళ్ళింది. తోక భాగం బయటే ఉండిపోయింది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. ఏటవాలుగా పెట్టింది. అది మాత్రం గుమ్మంలో ఇరుక్కున్న ఏనుగులా ససేమిరా అంది.

"తప్పుకోండి," అని పెదనాన్న చొక్కా చేతులు పైకి మడిచాడు. "నిండిపోయిన బస్సులో పెళ్ళివారందర్నీ ఎక్కించినవాణ్ణి. దీన్ని ఎక్కించలేనా? జరగాలి, జరగాలి, లోపల బోలెడు చోటుంది!"

"అది మనిషి కాదండీ, పొట్ట లోపలికి పీల్చుకోడానికి!" అంది పెద్దమ్మ.

"అయితే డబ్బాకి పక్కన ఓ కిటికీ కోసేద్దాం. రంపం ఎక్కడుంది?"

"నాన్నా!" అని అక్క డబ్బాని రెండు చేతులతో కాపాడుకుంది.

పెదనాన్న ఊరుకోకుండా డబ్బాని తిరగేసి చూశాడు. అడుగున చిన్న కాగితం అంటించి ఉంది. తెలుసుగాడు వంగి చదివాడు. కంపెనీ గుర్తు కింద 'మినీ కేబినెట్' అని ఉంది.

వాడు ఆ మాట మళ్ళీ ఒకసారి చదివాడు.

కేబినెట్ అంటే ఈ డబ్బానా! మరి తను చెప్పింది... వాడు మెల్లగా తల తిప్పి వంటింటి వైపు చూశాడు. అద్దం తలుపుల వెనక పెద్దమ్మ డిన్నర్ సెట్టు తళతళా మెరుస్తోంది.

"ఏంట్రా ఇది? ఎందుకు పట్టట్లేదు?" అడిగింది అక్క.

నిజం తెలుసుగాడి గొంతు దాకా వచ్చి, అక్కడే అడ్డంగా ఇరుక్కుంది.

"షాపాయన... తప్పు ఇచ్చాడక్కా," అన్నాడు.

"అంతేనా? పద, అడుగుదాం!" అక్క కార్డుని పెట్టెలో పెట్టి చరచరా బయల్దేరింది. కాళ్ళీడ్చుకుంటూ వెనకే నడిచాడు తెలుసుగాడు.

షాపులో అడుగుపెట్టగానే అక్క గొంతు పెంచింది. మామూలుగా అక్క గట్టిగా తుమ్మను కూడా తుమ్మదు.

"చిన్నపిల్లాడు కదా అని ఏదంటే అది అంటగడతారా? మా డబ్బాలో ఇది సగం కూడా పట్టలేదు!"

కొనడానికొచ్చిన వాళ్ళంతా తిరిగి చూశారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఓనరమ్మ కళ్ళజోడు పైకి జరిపింది.

"ఏమయ్యా, కేబినెట్ సంగతి అడక్కుండానే ఇచ్చావా?"

"అడిగానండీ," అన్నాడు సేల్స్‌మన్. "అద్దం తలుపున్న పెద్ద కేబినెట్ అని బాబే చెప్పాడు."

"మా దగ్గర అలాంటిది లేనే లేదు! లేనిది ఉందని మా తమ్ముడెందుకు చెప్తాడు? వాడికి ఇవన్నీ బాగా తెలుసు!" అక్క తెలుసుగాడి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వాడికి బండరాయంత బరువుగా అనిపించింది.

ఓనరమ్మ నిట్టూర్చింది. "ఇలా అయితే కుదరదయ్యా. రేపటి నుంచి నువ్వు కౌంటర్లో వద్దు. గోడౌన్లో పెట్టెలు సర్దుదువుగాని."

సేల్స్‌మన్ తెలుసుగాడి వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఆయన తికమకగా చూశాడు. తర్వాత తల గోక్కున్నాడు.

"ఏమోనండీ, నేనే సరిగా వినలేదేమో," అన్నాడు మెల్లగా.

అంతే. తెలుసుగాడి గొంతులో ఇరుక్కున్నది ఒక్కసారిగా బయటికి దూకింది.

"సరిగానే విన్నారు! నేను చెప్పింది గిన్నెల కేబినెట్ గురించి!"

షాపంతా వాడి వైపు తిరిగింది.

"ఏ కేబినెట్?" అంది ఓనరమ్మ.

"మా పెద్దమ్మ వంటింట్లోదండీ. అంకుల్ అదే అడుగుతున్నారనుకున్నా. డిన్నర్ సెట్టు నిజంగానే పడుతుంది. సూపు గిన్నెలతో సహా." వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు ఏమీ తెలీదు. అంకుల్ తప్పు లేదు. ఇంటి దగ్గరే నాకు అర్థమైంది, అయినా చెప్పలేదు."

సేల్స్‌మన్ మీసం కింద పెదవులు బిగబట్టాడు. ఓనరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడుస్తున్నంతసేపూ ఆవిడ భుజాలు ఎగిరెగిరిపడ్డాయి.

"నేను జోకనుకున్నాను బాబూ," అన్నాడు సేల్స్‌మన్. "ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉండాల్సింది."

"సరేలే, నువ్వు కౌంటర్లోనే ఉండు," అంది ఓనరమ్మ ఆయనతో. తర్వాత అక్క వైపు తిరిగింది. "అమ్మాయ్, పెట్టె చింపేశారు కాబట్టి పూర్తి ధరకి వెనక్కి తీసుకోలేను. సగం ధరకే తీసుకుని, పొట్టి కార్డు ఇస్తాను. దాని ధరకి తక్కువ పడేది మాత్రం నువ్వే కట్టాలి."

అక్క దగ్గర ఇంకేమీ మిగల్లేదు. కాసేపు ఆలోచించి, ఇంటికి వెళ్ళి, ఆ డబ్బు బదులు రంగురంగుల కీబోర్డు తెచ్చి ఇచ్చేసింది. దాని సీలు కూడా విప్పలేదింకా. వెళ్ళబోతూ సేల్స్‌మన్ ముందు ఆగి, "మీ మీద అరిచాను. ఏమీ అనుకోకండి," అంది. ఆయన చిరునవ్వు నవ్వి, తన ఫోన్ నంబరు రాసిచ్చి, బిగించేటప్పుడు ఏదైనా సందేహం వస్తే అడగమన్నాడు.

దారిలో అక్క వాడికన్నా నాలుగడుగులు ముందు నడిచింది.

"కోపమా అక్కా?"

"కోపమే."

"కార్డు తప్పు తెచ్చాననా?"

"కార్డు పోతే పోయింది. నీ తరఫున అంతమందిలో అరిచాను చూడు, అందుకు." అక్క ముక్కు ఎగబీల్చింది. "కేబినెట్ అంటే ఏంటని అడిగితే ఏం పోయేదిరా?"

తెలుసుగాడు నేల చూపులు చూస్తూ అన్నాడు. "నాకు తెలీదని తెలిస్తే, ఇంకెప్పుడూ నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళవేమో అని..."

అక్క ఆగిపోయింది. "పిచ్చివెధవా! నువ్వుంటే సరదాగా ఉంటుందని తీసుకెళ్ళాను. ఆ బాటిల్‌నెక్ ఏంటో నాకు మాత్రం తెలుసనుకున్నావా? ఎవరో అంటుంటే విని అడిగాను!"

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్కకి నవ్వొచ్చింది. కానీ కోపం ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి ముఖం పక్కకి తిప్పుకుని నవ్వింది.

ఆ రాత్రి తెలుసుగాడు తన గదిలోంచి పాత కీబోర్డు తీసి శుభ్రంగా తుడిచాడు. సందుల్లో ఉన్న బిస్కెట్ పొడిని దులిపి, పొద్దున్నే పైకి తీసుకెళ్ళి అక్కకిచ్చాడు. "స్పేస్ బార్ కొంచెం గట్టిగా కొట్టాలి," అని ముందే చెప్పేశాడు.

మళ్ళీ అందరూ బల్ల చుట్టూ చేరారు. పొట్టి కార్డు డబ్బాలో బుద్ధిగా కూర్చుంది. పెదనాన్న "రైట్ రైట్!" అని అరిచాడు.

ఇక కార్డుకి కరెంటు వైరు తగిలించాలి. డబ్బాలోంచి రెండు నల్ల వైర్లు వేలాడుతున్నాయి. రెండింటి మూతులూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయి.

"ఏది పెట్టాలిరా?" అని అడిగింది అక్క.

అక్కా, పెద్దమ్మా, పెదనాన్నా ముగ్గురూ వాడి వైపే చూశారు. అలవాటు అలాంటిది మరి. తెలుసుగాడి నోరు దానంతటదే తెరుచుకుంది.

"తె..." అన్నాడు.

అందరూ ఎదురుచూస్తున్నారు. ఎడం వైపుది అని చూపిస్తే పోయేది. సగానికి సగం అదే సరైనది కావచ్చు. వాడి వేలు పైకి లేచింది. గాల్లో కాసేపు ఊగింది. మళ్ళీ కిందికి దిగింది.

"తె... తె... తెలీదు."

పెద్దమ్మ చేతిలో గరిటె ఠంగుమని కింద పడింది. పరుగున వచ్చి వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరమేమైనా వచ్చిందా నాన్నా?"

"నాకూ తెలీదు," అంది అక్క.

"దీనికింత చర్చెందుకు? ఏదో ఒకటి ఎక్కించేద్దాం!" అని పెదనాన్న ఒక వైరు పట్టుకున్నాడు.

"వద్దు పెదనాన్నా! అడుగుదాం," అని తెలుసుగాడు ఫోన్ అందుకున్నాడు.

సేల్స్‌మన్ ఓపిగ్గా చెప్పాడు. ఒక వైరు మూతి మీద సీపీయూ అని చిన్న అక్షరాలుంటాయి. అది బోర్డుది, కార్డుకి పెట్టకూడదు. బలవంతంగా దూరిస్తే కార్డు కాలి కూర్చుంటుంది. ఆ మాట వినగానే పెదనాన్న తన చేతిలో ఉన్న వైరు వంక చూశాడు. దాని మీద సీపీయూ అనే ఉంది. చడీచప్పుడు కాకుండా దాన్ని వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

అక్క రెండో వైరు తగిలించి స్విచ్ నొక్కింది. కార్డు మీది ఫ్యాను గిర్రున తిరిగింది. తెర మీద వెలుగు వచ్చింది. పెద్దమ్మ చప్పట్లు కొట్టింది.

తెలుసుగాడు మాత్రం ఫోన్ పెట్టలేదు.

"అంకుల్, ఈ పక్కనున్న వెండి రంగు రేకు ఎందుకు? ఓహో. మరి ఇది వేడెక్కితే ఎలా తెలుస్తుంది? అలాగా! మరి ఇంత దుమ్ము పడితే ఎవరు తుడవాలి? దేంతో తుడవాలి? తడిగుడ్డతో తుడవచ్చా? అమ్మో, వద్దా?"

"బాబూ, షాపులో జనం ఎదురుచూస్తున్నారు..."

"ఒక్కటి, ఒక్కటంకుల్! ఫ్యాన్ తిరగకముందే రెక్కలు లెక్కపెట్టా. తొమ్మిదున్నాయి. తొమ్మిదే ఎందుకు? ఇంకోటి వేసి పది చెయ్యొచ్చుగా?"

అవతల సేల్స్‌మన్ ఎవరినో, "ఏమండీ, మీకేమైనా తెలుసా?" అని అడిగాడు. ఓనరమ్మ గొంతు దూరం నుంచి ఏదో అంది.

"మా ఇద్దరికీ తెలీదు బాబూ," అన్నాడాయన చివరికి. "కనుక్కుని చెప్తాం. రేపు ఫోన్ చెయ్యి."