పిక్కలు పట్టే మిల్లు

రిపోర్టులో ఏమీ రాకపోతే ఇక దెయ్యమే అని మీకెవరు చెప్పారండీ?

ద్రాక్షారామం అవతల కాలవ గట్టున మూతపడ్డ రైసుమిల్లు ఒకటుంది. వానాకాలంలో సందెపడితే దాని వెనక దారిన ఎవరూ పోరు. అక్కడ మోకాటి లోతు నీళ్ళు... ఆ నీళ్ళలో ఏదో పిక్కలు పట్టుకుంటుందట. పట్టిందా — కళ్ళు ముందు ఎర్రబడతాయి, ఆనక పచ్చబడతాయి. దానికి కాళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయనీ చెబుతారు. చూసినవాళ్ళు మాత్రం లేరు.

దొరబాబు చేలో పని ముగించుకుని, చీకటి పడుతుంటే అటే వచ్చాడు. మిల్లులో గరగరమని చప్పుడు. నీళ్ళలో ఏదో మెత్తగా... కాలికి రాసుకుని పోయింది. మీ ఆడవాళ్ళు చెప్పే దెయ్యం నన్ను ముట్టుకుని సిగ్గుపడి పారిపోయిందే అని ఇంటికొచ్చి పెళ్ళాం నూకరత్నంతో నవ్వాడు.

పై వారం జ్వరం ముంచుకొచ్చింది. పిక్కలు ముట్టుకోనివ్వడు. కళ్ళు — చింతనిప్పులు.

జ్వరమొచ్చిన మర్నాడే రాజమండ్రిలో రక్తం తీశారు. ఎలుకజ్వరం లేదని వచ్చింది. అంతే... ఇంటికి తెచ్చేశారు. రోజులు గడుస్తున్నా జ్వరం వదల్లేదు. దొరబాబు అన్న బుల్లియ్య భూతవైద్యుడి దగ్గరికి ఆటో మాట్లాడేశాడు. మిషన్‌కి దొరకనిది ఇంకేంటట, అని అతని వాదన. నూకరత్నం మొగుడి కళ్ళలోకి చూసింది. పసుపు తిరుగుతున్నాయి.

ఆటో ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది. రక్తం తీసిన రాజమండ్రి ల్యాబులో పనిచేసే అశ్విని.

"అక్కా, రిపోర్టులో లేదన్నది నిజంగా లేదని కాదు. మీరు తొందరగా వచ్చేశారు, జ్వరాన్ని గుర్తుపట్టే శక్తి రక్తానికి అప్పటికింకా రాలేదు. మళ్ళీ ఇవ్వాలి. మందు మాత్రం రిపోర్టు కోసం ఆగదు, మీరు రాగానే మొదలెడతామన్నారు డాక్టరుగారు."

"రెండుసార్లు పొడిస్తే దెయ్యం సిరంజిలోకొస్తుందా?" గొణిగాడు బుల్లియ్య.

నూకరత్నం బావగారి వైపు చూడనే లేదు. డ్రైవర్ చెవి దగ్గర వంగి — "బాబూ, రాజమండ్రి పోనీ."

మందు పడింది. జ్వరం దిగింది. రెండో రక్తం తీశాక ఓ రోజు, చీకటి గదిలో మైక్రోస్కోప్ మీదికి నూకరత్నాన్ని వంచింది అశ్విని.

నల్లటి చీకటి. అందులో వెండి పోగుల్లా... మెలికలు తిరుగుతూ... ప్రాణంతో. ఏ పోగు చూసినా చివర కొక్కెంలా వెనక్కి వంగి ఉంది.

"కాళ్ళు... వెనక్కే ఉన్నాయమ్మా," అంది నూకరత్నం.

అవి ల్యాబులో పెంచుతున్న ఎలుకజ్వరం క్రిములు. దొరబాబు మొదటి రక్తపు తేట కలిపితే హాయిగా ఈదాయట. రెండోది కలిపారు — ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టాయి. రక్తం దాన్ని గుర్తుపట్టింది. ఆనక ఆరోగ్యశాఖవాళ్ళు మిల్లులో పట్టిన ఎలుకల్లోనూ అదే రకం దొరికింది. వాటి ఉచ్చ కలిసిన నీళ్ళే దొరబాబు కాలి పగుళ్ళలోకి దిగాయి.

దొరబాబు బతికాడు. మిల్లులో గరగర మాత్రం ఆగలేదు. ఈ సందెకి కూడా ఎవరో ఆ నీళ్ళలో దిగే ఉంటారు...

మీకే జ్వరమొచ్చి పిక్కలు పట్టేస్తే, నీళ్ళలో నడిచానని డాక్టరుకి చెప్పండి. ఏమీ లేదని రిపోర్టొచ్చినా జ్వరం వదలకపోతే — ఆటో మళ్ళీ ల్యాబుకే తిప్పండి.