రూపాయి బిళ్ళంత సందు

ఆదివారం చర్చి నుంచి రాగానే సుభాష్ చొక్కా తీసేసి, అరుగు ముందు బైకు ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. ఫోనులో వీడియో చూస్తూ క్లచ్ ప్లేట్లు తానే మార్చేస్తాడట. రాజోలులో ముప్ఫై ఏళ్ళు మెకానిక్‌గా బతికిన తండ్రి ఎలీషా పక్కనే ఉన్నాడన్న సంగతి దొరగారికి పట్టలేదు.

"ఆ నట్టు అలా కాదురా" అంటూ ఎలీషా స్పానరు అందుకున్నాడు. చెయ్యి వణికి, అది జారి కొడుకు వేలి మీద పడింది.

"ముట్టుకోకు నాన్నా! అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేవు, నీకు బండెందుకు? కొట్టు మూసేసినా ఇంకా పెద్ద మెకానిక్‌ననుకుంటున్నావా?"

వంటింట్లోంచి కోడలు నిఖిత తొంగిచూసింది. "ఏవండీ, పెద్దాయనతో అలాగేనా మాట్లాడ్డం?"

"నువ్వు నోరు ముయ్యి."

ఎలీషా కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు. కొడుకు అన్నీ బాగానే బిగించాడు, ఒక్కటి తప్ప. క్లచ్ లివరు దగ్గర రూపాయి బిళ్ళంత మందాన సందు వదలాలి. వాడు వదలకుండా బిర్రుగా లాగి బిగించేశాడు. అలా నడిపితే కొత్త ప్లేట్లయినా దారిలోనే మాడిపోతాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. నడిరోడ్డు మీద తోసుకోనీ వెధవని, అనుకున్నాడు. అలా అనుకుంటే హాయిగా కూడా ఉంది.

సోమవారం పొద్దున ఆ బండెక్కింది సుభాష్ కాదు, నిఖిత. అమలాపురంలో పదకొండింటికి నర్సు ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన. ఆ పిలుపు కోసం నాలుగేళ్ళు చూసింది. ఇప్పుడు చెబితే నిన్ననే ఎందుకు చెప్పలేదంటారని ఎలీషా ఊరుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి ఆమె ఆటో దిగింది. బండారులంక దగ్గర క్లచ్ మాడి బండి మొరాయించింది. దాన్నక్కడే వదిలేసి, ఆటో దొరికి అమలాపురం చేరేసరికి ఆమె పేరు మూడుసార్లు పిలిచి, ఉద్యోగం తర్వాతి అమ్మాయికి ఇచ్చేశారు.

"బాగుచేసిన మర్నాడే మాడ్చేసేవా? నడపడం చేతకానిదానివి ఎందుకెక్కేవు? నీకు ఉద్యోగమొకటి!" సుభాష్ వీధంతా వినేలా అరిచాడు.

ఎలీషా తట్టుకోలేకపోయాడు. "దాన్ననకురా. లివరు దగ్గర సందు వదల్లేదు నువ్వు. నేను చూసేను. చూసీ చెప్పలేదు."

నిఖిత మావగారి వంకే చూసింది.

"పొద్దున నా తల మీద చెయ్యేసి, క్షేమంగా వెళ్ళి రావాలని ప్రార్థన చేసేరు కదా మావయ్యగారూ. అప్పుడు కూడా తెలుసా మీకు?"

"ఆయ్... తెలుసమ్మా."

ఎలీషా వెక్కి వెక్కి ఏడ్చాడు. సుభాష్ తండ్రి కాళ్ళ దగ్గర కూలబడి, "నా నోరే ఇంత చేసింది నాన్నా" అంటూ ఆయన చేతులు పట్టుకున్నాడు. తండ్రీకొడుకులు ఒకటయ్యారు. నిఖిత ఇద్దరిలో ఎవర్నీ ఓదార్చలేదు. సర్టిఫికెట్ల కవరు పట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.